నాటకానికి కీళ్ళెక్కడ?
కథను, నాటకాన్ని తెలిసి చూడడానికి కొన్ని మూల పదాలు

నాటకం చూడని తెలుగువారు అరుదు. ఉద్యోగరీత్యా భిలాయి చేరినా, రూర్కెలా చేరినా, నలుగురు తెలుగువారు కలిసినచోట ముందుగా ఒక సంఘం ఏర్పడుతుంది. ఆ సంఘం ఉగాదికో, సంక్రాంతికో ఒక నాటికకు పూనుకొంటుంది. షిఫ్టు దిగి వచ్చి, భోజనం సంగతి మరచి, రాత్రి పొద్దుపోయేదాకా రిహార్సల్సు వేసే ఉత్సాహం మనవారిలో నేటికీ తరగలేదు. కాని ప్రదర్శన ముగిసి, తెర పడి, కుర్చీలు సర్దుతున్నప్పుడు మనం చెప్పుకొనే మాటలను గమనిస్తే అవి నాలుగింటికి మించవు: ‘బాగుంది’, ‘బాగా ఏడిపించారు’, ‘మధ్యలో సాగదీశారు’, ‘చివర ఏదో తగ్గింది’.

ఒక పంపు విషయంలో ఇటువంటి మాటలు చెల్లవు. ‘లోపల ఎక్కడో చప్పుడు వస్తున్నది’ అని లాగ్ బుక్కులో వ్రాసి వెళ్ళిపోతే తరువాతి షిఫ్టువారు ఊరుకోరు. బేరింగా, కప్లింగా, ఇంపెల్లరా అని అడుగుతారు. పేరు తెలిస్తే చోటు తెలుస్తుంది. చోటు తెలిస్తే బాగుచేసే దారి దొరుకుతుంది. నాటకానికి కూడా ఇటువంటి పేర్లు ఉన్నాయి. మన పెద్దలు వాటిని ఎంతో ఓపికగా ఏర్పరచి, నిర్వచించి, ఉదాహరణలతో సహా మనకు అప్పగించారు. అవి పరీక్షల కోసం వల్లె వేయవలసిన నిర్వచనాలుగా మాత్రమే మిగిలిపోవడం మన దురదృష్టం.

మేము ఇంజనీరింగు చదివినవారం. అలంకారశాస్త్రం మా పాఠ్యక్రమంలో లేదు. క్లబ్బు నాటికల ఎంపికలోను, రిహార్సల్సులోను పాల్గొంటూ, అవసరం కొద్దీ ఈ మాటలను ఒక్కొక్కటిగా నేర్చుకొన్నాం. వాటి ప్రయోజనం వినోదానికే పరిమితం కాదన్నది మా నమ్మకం. ప్రతి సంవత్సరం మార్చి 4న జరిగే జాతీయ భద్రతా దినోత్సవానికి కర్మాగారాలలో నాటికలు వేయడం పరిపాటి. ఆ నాటిక చూసిన కార్మికుడు మరునాడు తన పనిలో ఒక్క క్షణం ఆగుతాడా లేదా అన్నది కూడా ఈ మాటల మీదనే ఆధారపడి ఉన్నది. ఆ సంగతి చివర చెప్పుకొందాం. ముందుగా మాటలు.

దృశ్యం, శ్రవ్యం

మన ప్రాచీనులు కావ్యాన్ని రెండుగా విభజించారు. చదివేది, వినేది శ్రవ్యకావ్యం. కళ్ళతో చూసేది దృశ్యకావ్యం. దృశ్యకావ్యానికే ‘రూపకం’ అని పేరు. నటుడిమీద పాత్ర రూపాన్ని ఆరోపిస్తాం కనుక అది రూపకమైంది. భరతముని పేర వెలసిన ‘నాట్యశాస్త్రం’ ఈ విషయంలో మనకు మూలగ్రంథం. 10వ శతాబ్దంలో మాళవ ప్రభువైన ముంజుని ఆస్థానంలో ఉన్న ధనంజయుడు నాటక రచనకు సంబంధించిన భాగాన్ని క్రోడీకరించి ‘దశరూపకం’ వ్రాశాడు. ధనికుడు దానికి ‘అవలోకం’ అనే వ్యాఖ్య కూర్చాడు. పేరే చెబుతున్నట్లు, రూపకాలు 10 రకాలు. ఆ పదింటిలో ‘నాటకం’ ఒక రకం మాత్రమే. ప్రసిద్ధమైన కథ, ఉత్తముడైన నాయకుడు ఉంటే అది నాటకం. కవి కల్పించిన కథతో, సామాన్య జీవితంతో నడిచేది ప్రకరణం; శూద్రకుని మృచ్ఛకటికం ఇందుకు ఉదాహరణ. నవ్వించేది ప్రహసనం. ఒకే పాత్ర రంగస్థలం మీద నిలిచి, కనబడని వారితో మాట్లాడుతూ నడిపేది భాణం. నేడు మనం ‘ఏకపాత్రాభినయం’ అంటున్నదానికి అది దూరపు బంధువు.

ఇక్కడ మనవంటివారికి ఆనందం కలిగించే మాట ఒకటి ఉన్నది. అది ‘సూత్రధారుడు’. నాటకాన్ని ప్రారంభించి నడిపించేవాడిగా మనకు సుపరిచితుడు. శిల్పశాస్త్ర గ్రంథాలలో ఇదే మాటకు కొలతాడు పట్టుకొని కట్టడాన్ని నిర్మించే స్థపతి, వడ్రంగి అని అర్థం. కట్టడానికి, నాటకానికి ఒకే పేరుతో అధికారి ఉండడం మన పెద్దల చూపును తెలియజేస్తున్నది.

వస్తువు, నేత, రసం

ఒక రూపకాన్ని మరొక దానినుంచి వేరుచేసేవి మూడు: వస్తువు, నేత, రసం. ఏమి జరిగింది, ఎవరికి జరిగింది, చూసేవారికి ఏమి కలిగింది అన్నవి మూడు ప్రశ్నలనుకొంటే సరిపోతుంది.

‘వస్తువు’ అన్న మాటను నేడు మనం రెండు అర్థాలలో వాడుతున్నాం. ‘ఈ నాటిక వస్తువు వరకట్నం’ అంటే విషయమని అర్థం. శాస్త్రంలో మాత్రం వస్తువంటే ఇతివృత్తం, అనగా సంఘటనల కూర్పు. ఈ తేడా చిన్నది కాదు. మంచి విషయం ఉన్నంతమాత్రాన మంచి ఇతివృత్తం ఉన్నట్లు కాదు. ‘వరకట్నం దురాచారం’ అన్నది ఒక అభిప్రాయం. ఒక తండ్రి కూతురి పెళ్ళికి పొలం అమ్మడానికి బయలుదేరడం, కొనవచ్చినవాడే వియ్యంకుడని తెలియడం ఇతివృత్తం. పోటీలకు వచ్చే వ్రాతప్రతులలో ఎక్కువ భాగం మొదటిదానివద్దనే ఆగిపోతాయి.

‘నేత’ అంటే కథను ఫలం వైపు తీసుకొనిపోయేవాడు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాలుగు తరగతులు చెప్పారు. నలుగురికీ ‘ధీర’ శబ్దం ఉండడం గమనించదగినది. గుణం ఏదైనా కావచ్చు, తన కోరికమీద నిలబడే గట్టిదనం లేనివాడు నేత కాలేడు. ఏమీ కోరనివాడి చుట్టూ కథ తిరగదు.

ప్రధాన కథ, పతాక, ప్రకరి

ఇతివృత్తంలో ప్రధానమైనది ‘ఆధికారికం’. దానికి తోడుగా నడిచేది ‘ప్రాసంగికం’. ఈ ప్రాసంగికం దూరం సాగితే పతాక, కొద్దిసేపు కనబడి ముగిసిపోతే ప్రకరి. రామకథలో సుగ్రీవుని వృత్తాంతం పతాక; శబరి వృత్తాంతం ప్రకరి.

నేడు సినిమా సమీక్షలలో ‘పతాక సన్నివేశం’ అంటే కథ తారస్థాయిని అందుకొనే ఘట్టం. శాస్త్రంలోని పతాకకు, దీనికి సంబంధం లేదు. వాడుక మార్చుకొన్నందుకు తప్పు పట్టనక్కర లేదు. పాత గ్రంథం చదివేటప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుంచుకోకపోతే దారి తప్పుతాం.

ఈ విభజన ఎందుకు ఉపయోగమో చూడండి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శితమైంది, 1897లో ముద్రితమైంది, రచయిత దానిని ఎంతో పెంచి, మార్చి 1909లో మళ్ళీ ప్రచురించారు. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు డబ్బుకు ఇవ్వబూనడం, కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ పెళ్ళిని తప్పించబూనడం ఒక కథ. గిరీశం శిష్యుడు వెంకటేశంతో అగ్రహారం చేరి, వితంతువైన బుచ్చమ్మను తీసుకొని పోవడం మరొక కథ. నాటకం పేరు మొదటి కథను సూచిస్తుంది. జనానికి గుర్తుండేది గిరీశం. ఏది ఆధికారికం, ఏది పతాక? మధురవాణి స్థానం ఎక్కడ? రెండు కథల ముళ్ళనూ సౌజన్యారావు పంతులు ఇంట విప్పేది ఆమెయే కదా! ఈ ప్రశ్న వేసుకొని ఆ నాటకాన్ని మళ్ళీ చదివినవారికి, అది హాస్యసంభాషణల పోగు కాదని, రెండు కథలను ఒకచోటికి చేర్చిన నిర్మాణమని స్పష్టమవుతుంది.

ఐదు అవస్థలు, ఐదు సంధులు

ఇక మా దృష్టిలో అన్నింటికన్న ముఖ్యమైన మాటలకు వద్దాం. నేత ప్రారంభించిన కార్యానికి ఐదు అవస్థలు చెప్పారు. ఫలం కావాలన్న కోరిక పుట్టడం ఆరంభం. దానికోసం పూనుకొనడం యత్నం. దొరుకుతుందన్న ఆశ, దొరకదేమో అన్న శంక కలిసి ఉండే దశ ప్రాప్త్యాశ. అడ్డంకి తొలగి ఫలం నిశ్చయం కావడం నియతాప్తి. ఫలం చేతికందడం ఫలాగమం.

కథకు కావలసిన సామగ్రిని ‘అర్థప్రకృతులు’ అన్నారు. అవీ ఐదే: బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం. మొదట అణుమాత్రంగా నాటబడి, పోనుపోను పెరిగేది బీజం. మధ్యలో ఇతర ప్రసంగాలు వచ్చి కథ తెగిపోయినట్లు అనిపించినప్పుడు, నీటిమీద నూనెచుక్కవలె వ్యాపించి కథను మళ్ళీ అతికించేది బిందువు.

అవస్థలు, సామగ్రి కలిసేచోట్లు సంధులు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. సంధి అంటే కీలు. శరీరానికి గాని, యంత్రానికి గాని కదలిక కీళ్ళవద్దనే ఉంటుంది. నొప్పి కూడా అక్కడే వస్తుంది. ‘మధ్యలో సాగదీశారు’ అని మనం అన్నప్పుడు నిజానికి చెబుతున్నది, గర్భసంధిలో ఆశ ఉన్నది గాని శంక లేదని. ‘చివర ఏదో తగ్గింది’ అంటే విమర్శ సంధిలో అడ్డంకి తగినంత బలంగా లేదని, అందువల్ల నిర్వహణం తేలిపోయిందని.

కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ 7 అంకాల నాటకం. 1వ అంకంలో వేటాడుతూ వచ్చిన దుష్యంతుడు మునుల మాట మన్నించి లేడిమీద బాణం దించుతాడు. చక్రవర్తి అయిన కుమారుడు కలుగునని మునులు దీవిస్తారు. వినేటప్పుడు అది మర్యాదకు పలికిన ఆశీర్వచనంలా ఉంటుంది, బీజం అదే. 7వ అంకంలో సింహపుపిల్లతో ఆడుకొంటున్న బాలుడిని రాజు చూసేసరికి ఆ బీజం ఫలించి ఉంటుంది. ఈ రెండింటి నడుమ, 5వ అంకంలో నిండు సభలో రాజు శకుంతలను ఎరుగనని చెప్పడం, 6వ అంకంలో ఉంగరం దొరికి అతడు కుమిలిపోవడం విమర్శ సంధి. ఫలం చేతికి వచ్చిందనుకొన్న తరువాత అది చేజారిపోయే ఘట్టం అది. ఆ దెబ్బ లేకుంటే చివరి కలయికకు విలువ లేదు.

శాపం ఎందుకు వచ్చింది?

శకుంతల కథ మహాభారతం ఆదిపర్వంలోనిది. తెలుగువారికి నన్నయ చేతిమీదుగా వచ్చింది. అక్కడ దుర్వాసుని శాపం లేదు, ఉంగరమూ లేదు. రాజుకు అన్నీ గుర్తే. లోకం ఏమంటుందోనని ఎరుగనట్లు నటిస్తాడు. ఆకాశవాణి సాక్ష్యం పలికిన తరువాత స్వీకరిస్తాడు. అటువంటి రాజును నేతగా నిలిపితే చూసేవారి మనస్సు అతని పక్షాన ఉండదు. కాళిదాసు శాపాన్ని కల్పించి మరపును కారణం చేశాడు; ఉంగరాన్ని కల్పించి జ్ఞాపకాన్ని ఒక వస్తువులో నిక్షేపించాడు. కథను మార్చవచ్చునా అని అడిగేవారికి ఇది సమాధానం. ప్రసిద్ధ కథలోనైనా నేతకు గాని, రసానికి గాని భంగం కలిగించే భాగాన్ని విడిచిపెట్టమని, లేదా వేరు విధంగా కల్పించమని శాస్త్రమే చెబుతున్నది.

శాపాన్ని ఎక్కడ పెట్టాడన్నది అంతకన్న ఆసక్తికరం. దానిని ప్రధాన అంకంలో పెట్టలేదు. 4వ అంకానికి ముందు వచ్చే విష్కంభంలో పెట్టాడు. అంకంలో చూపనవసరం లేని సంగతులను క్లుప్తంగా తెలియజేసే సాధనాలకు ‘అర్థోపక్షేపకాలు’ అని పేరు. విష్కంభం, ప్రవేశకం, చూళిక మొదలైనవి ఐదు. చూళిక అంటే తెర వెనుకనుంచి వినిపించే మాట. దుర్వాసుడు వేదికమీదికి రానే రాడు. పూలు కోసుకొంటున్న చెలికత్తెలకు, వారితోపాటు మనకు, అతని గొంతు మాత్రమే వినబడుతుంది. చెలికత్తెలు ఆ సంగతి శకుంతలకు చెప్పరు. అప్పటినుంచి శకుంతలకు తెలియనిది మనకు తెలుసు. ఆమె సంతోషంగా అత్తవారింటికి బయలుదేరుతుంటే మన గుండె బరువెక్కడానికి కారణం ఆ తెలివిడి.

కథకు, నాటకానికి ఉన్న తేడా కూడా ఇక్కడ తెలుస్తుంది. కథకుడు ‘పన్నెండేళ్ళు గడిచాయి’ అని ఒక్క వాక్యంతో కాలాన్ని దాటిస్తాడు. నాటకంలో ఆ మాట చెప్పడానికి ఒక మనిషి కావాలి, అతడు వేదికమీదికి రావడానికి ఒక పని కావాలి. మన బుర్రకథ ఈ రెండింటికీ నడుమ నిలిచిన అద్భుతమైన ఏర్పాటు. తంబురా పట్టిన కథకుడు కథ చెబుతాడు. అటూ ఇటూ ఉన్న వంతలలో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వారు అడిగే ప్రశ్నలు నిజానికి మనం అడగదలచినవి. శ్రోతల సందేహాన్ని వేదికమీదనే పలికించే ఆ పద్ధతిని మించిన పద్ధతి నేటి టెలివిజను కార్యక్రమాలలో కూడా మాకు కనబడలేదు.

ఎవరికి వినబడాలి?

సంభాషణకు కూడా తరగతులు ఉన్నాయి. అందరికీ వినబడేది ప్రకాశం. ఎవరికీ వినబడనట్లు తనలో తాను అనుకొనేది స్వగతం. చేయి అడ్డుపెట్టి, దగ్గరున్న మూడోవారికి వినబడనట్లు ఇద్దరు మాట్లాడుకొనేది జనాంతికం. ప్రక్కకు తిరిగి ఒకరికి మాత్రమే రహస్యం చెప్పేది అపవారితం. కనబడని మనిషితో మాట్లాడుతూ అతని ప్రశ్నలను తానే మళ్ళీ పలికేది ఆకాశభాషితం. ఇంట్లో ఒకరు సెల్‌ఫోనులో మాట్లాడుతుంటే అవతలివారి మాటలు మనకు ఎలా తెలిసిపోతాయో ఆలోచిస్తే ఆకాశభాషితం అర్థమవుతుంది.

కన్యాశుల్కం విజయనగరంలో బొంకులదిబ్బ మీద గిరీశం స్వగతంతో మొదలవుతుంది. సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకొన్న డబ్బు ఏమైందో, అతడు ఊరు ఎందుకు విడువవలసి వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది. తరువాత అతడు సంస్కరణ గురించి ఎంత గొప్పగా ఉపన్యసించినా ఆ స్వగతం మన చెవిలో ఉంటుంది. పాత్రను మనకు పరిచయం చేయడంతోపాటు, రాబోయే మాటలన్నింటికీ ఒక కొలమానం ఇవ్వడం స్వగతం చేసిన పని. మన నాటికలలో స్వగతం సాధారణంగా పాత్ర తన బాధను ఏకరువు పెట్టడానికే ఖర్చవుతున్నది.

రసం ఎవరిది?

రసాలు 8 అని భరతుడు చెప్పాడు: శృంగారం, హాస్యం, కరుణం, రౌద్రం, వీరం, భయానకం, బీభత్సం, అద్భుతం. శాంతాన్ని తొమ్మిదవదిగా తరువాతివారు చేర్చారు. ఇవి నటుడి ముఖంలో కనబడే భావాలని చాలామంది అభిప్రాయం. కాదు. రసం చూసేవాడిలో నిష్పన్నమయ్యేది. వేదికమీద ఉండేది దాని సామగ్రి.

ఒక ఉదాహరణ తీసుకొందాం. రెండో షిఫ్టు ముగిసి గంట దాటినా భర్త ఇంటికి రాలేదు. ఆ భర్త ఇల్లాలి భయానికి ఆలంబన విభావం. దూరాన మ్రోగిన సైరను, మూత పెట్టిన అన్నం గిన్నె ఉద్దీపన విభావం. ఆమె మాటిమాటికి గుమ్మం దాకా వెళ్ళి రావడం, పిల్లవాడి ప్రశ్నకు పొంతన లేని జవాబు చెప్పడం అనుభావం. శంక, చింత, దైన్యం వచ్చిపోయే వ్యభిచారి భావాలు. ఇటువంటివి 33 అని లెక్క పెట్టారు. వీటన్నిటి అడుగున నిలిచి ఉండేది స్థాయీభావం. ఇవి కుదిరితే ఆమె ఒక్క కన్నీటిచుక్క రాల్చకపోయినా ప్రేక్షకుల గొంతు పట్టుకొంటుంది. ఇవేవీ లేకుండా తెర లేచింది మొదలు ఆమె వెక్కివెక్కి ఏడిస్తే, ఏడుపు వేదికమీదనే ఉండిపోతుంది.

గ్రీకుల మాటలు మూడు

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీసులో అరిస్టాటిల్ తన ‘పొయెటిక్స్’లో విషాదాంత నాటకాన్ని విచారించాడు. మన శాస్త్రం ఫలప్రాప్తిని లక్ష్యంగా పెట్టుకొన్నది. భాసుని ఊరుభంగం వంటి అపవాదాలు లేకపోలేదు గాని, పతనాన్ని చర్చించడానికి అరిస్టాటిల్ మాటలు మనకు తోడ్పడతాయి. వాటిలో మూడు ముఖ్యమైనవి. ఒక ఉద్దేశంతో చేసిన పని దానికి విరుద్ధమైన ఫలితం ఇవ్వడం ‘పెరిపెతియా’. తెలియనిది తెలిసిరావడం ‘అనగ్నోరిసిస్’. మూడవది ‘హమార్తియా’, దుర్మార్గం వల్ల కాక, ఒక పొరపాటు వల్ల మనిషి పడిపోవడం. ఈడిపస్ రాజు కథలో ఊరట కలిగించడానికి వచ్చిన వార్తాహరుడి మాటలే రాజు తానెవరో బయటపెట్టే దారి తెరుస్తాయి. తలక్రిందులు కావడం, తెలిసిరావడం ఒక్కసారే జరిగాయి కనుకనే అది ఉత్తమమని అరిస్టాటిల్ మెచ్చుకొన్నాడు.

ఇక్కడ ఒక చక్కని పోలిక ఉన్నది. అనగ్నోరిసిస్ అన్న గ్రీకు పదంలోని ధాతువు, ‘అభిజ్ఞానం’లోని జ్ఞా ధాతువు భాషాశాస్త్రం ప్రకారం ఒకే మూలంనుంచి వచ్చినవి. గుర్తుపట్టడమన్నదే కథకు ప్రాణమని ఎంతో దూరాన ఉన్న ఇరువురికీ తోచింది.

అరిస్టాటిల్ చెప్పిన మరొక సంగతి మనకు ఎంతో అవసరం. పూర్తిగా చెడ్డవాడు చెడిపోతే చూసేవారికి జాలి కలగదు, భయమూ కలగదు. తగని కష్టం వచ్చినవాడిమీద జాలి. ఆ కష్టం మనవంటివాడికి వచ్చినప్పుడే భయం.

భద్రతా నాటికకు ఈ మాటలు

ఇప్పుడు ముందుగా అనుకొన్న సంగతికి వద్దాం. సాధారణంగా భద్రతా నాటిక ఇలా ఉంటుంది. భార్య హెల్మెట్టు అందిస్తుంది. భర్త ‘నాకెందుకు’ అని విసురుకొంటాడు. తరువాతి రంగంలో తెర వెనుక కేక వినబడుతుంది. స్ట్రెచరు వస్తుంది. భార్య ఏడుస్తుంది. అధికారి ముందుకు వచ్చి నినాదం చెబుతాడు. చూసినవారు పాపం అనుకొని ఇంటికి పోతారు. ఎందుకు? అందులో ఫలం ఉన్నది, బీజం లేదు. నేత ఏమీ కోరలేదు. అతడు మూర్ఖుడు మాత్రమే. కూర్చున్న ప్రతి కార్మికుడూ ‘నేను అంత తెలివితక్కువవాడిని కాను’ అని తనను తాను మినహాయించుకొంటాడు.

దీనినే మరొక విధంగా ఊహించి చూద్దాం. నేత బొగ్గు కన్వేయరు విభాగంలో అందరికన్న పనితనం గల ఫిట్టరు. మొదటి రంగంలో సూపర్‌వైజరు నలుగురి ఎదుట ‘ఈయన డ్యూటీలో ఉంటే బెల్టు ఆగదు’ అని మెచ్చుకొంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ పొగడ్తే బీజం. ఆ రోజు షిఫ్టు చివర టెయిల్ పుల్లీ దగ్గర ఒక పెద్ద బొగ్గుపెళ్ళ ఇరుక్కొని బెల్టు ఆగిపోతుంది. విద్యుత్తు వేరుచేసి పర్మిటు రావాలంటే ఎలక్ట్రీషియను మరో చివరనుంచి నడిచి రావాలి. షిఫ్టు బస్సుకు వేళయింది. ఇంటివద్ద కూతురి పుట్టినరోజు. కంట్రోల్ రూమునుంచి ఫోను: ‘ఏమయ్యా, నువ్వుండి కూడా ఇంతసేపా?’ పొగడ్త మళ్ళీ మరో రూపంలో వచ్చింది, అది బిందువు. గార్డు విప్పి చేయి పెడతాడు. పెళ్ళ కదులుతుంది, వచ్చేటట్లే ఉన్నది. ఇది ప్రాప్త్యాశ. ప్రక్కన ఉన్న కుర్ర హెల్పరు, ‘అన్నా, పర్మిటు రాలేదు గదా’ అంటాడు. ‘నువ్వు నిన్న వచ్చావురా, ఇటువంటివి వంద తీశాను’ అని జవాబు.

ఇక చివరను రచయిత ఎలాగైనా నడపవచ్చును. హెల్పరు చేయి పుల్ కార్డుమీద ఉంచి నిలబడవచ్చు. సూపర్‌వైజరు స్వయంగా వచ్చి తన పొగడ్త ఎంతదూరం వచ్చిందో గుర్తించవచ్చు. బెల్టు కదలనూ కదలవచ్చు. ఏది ఎన్నుకొన్నా, ఆ కుర్చీలలో కూర్చున్న ఫిట్టరు తనను గుర్తుపడతాడు. సూపర్‌వైజరు కూడా గుర్తుపడతాడు. అతడు ఇంతవరకు తన పాత్ర చివరి నినాదమే అనుకొంటూ వచ్చాడు. అభిజ్ఞానం వేదికమీద కాక ప్రేక్షకులలో జరుగుతుంది. కాళిదాసు రాజుకు ఉంగరం దొరికింది. మనకు కావలసినదీ మరునాడు పనివేళ గుర్తుకు వచ్చే అటువంటి ఆనవాలే. గార్డు బోల్టుమీద స్పానరు పెట్టినప్పుడు ‘అన్నా, పర్మిటు రాలేదు గదా’ అన్న మాట చెవిలో పడితే ఆ నాటిక నెరవేరినట్లే.

ప్రమాదాలకు కూడా బీజం ఫలానికి ఎంతో ముందుగా, ఎంతో చిన్నదిగా, ఒక్కొక్కప్పుడు మంచి మాట రూపంలోనే పడి ఉంటుంది. ‘అజాగ్రత్త వల్ల జరిగింది’ అన్న ఒక్క వాక్యం ఫలాగమాన్ని మాత్రమే చెబుతుంది. ముఖసంధి ఎక్కడ, బిందువు ఎక్కడ, ఎవరు హెచ్చరించారు, ఎవరు వినలేదు అని వెనుకకు నడిచి చూడగల అలవాటును నాటకం మనకు నేర్పగలదు.

ఈ మాటలు నియమాలు కావు. 5 సంధులనూ లెక్కకు సరిపెట్టి వ్రాసినంతమాత్రాన నాటకం పండదు. డ్రాయింగు సరిగా ఉన్నంతమాత్రాన యంత్రం నడవనట్లే. కాని నడవని యంత్రం ముందు నిలబడినవాడికి డ్రాయింగు ఎంత అవసరమో, పండని నాటిక ముందు కూర్చున్నవాడికి ఈ మాటలు అంత అవసరం. రాబోయే ప్రదర్శనను పిల్లలతో కలిసి చూసినప్పుడు, ఇంటికి నడిచి వచ్చే దారిలో మూడు ప్రశ్నలు వేసుకోవలసిందిగా మిత్రులను కోరుతున్నాం. ఈ కథలో ఎవరు ఏమి కోరారు? దాని బీజం మొదట ఎక్కడ పడింది? చేతికందినట్లే అంది ఎక్కడ జారిపోయింది? టెలివిజనులో వచ్చే సీరియలుకైనా, నాయనమ్మ చెప్పే కథకైనా ఈ ప్రశ్నలు పనికివస్తాయి. పిల్లలు మనకన్న త్వరగా జవాబు చెబుతారు. వారిలో ఒకరు వచ్చే సంవత్సరం మన వేదికకు ఒక నాటిక వ్రాసి ఇస్తే, అంతకన్న మాకు కావలసింది లేదు.